చిరిగిన డాలరు చెల్లని చోట

కంబోడియా రాజధాని నాంపెన్‌లో గానీ, అంగ్‌కోర్ ఆలయాలకు పేరుపడిన సియెమ్ రీప్‌లో గానీ అమెరికా డాలరు నోటు అందుకున్న దుకాణదారు దాన్ని వెంటనే గల్లాపెట్టెలో వేయడు. రెండు చేతులా సాగదీసి పట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, నాలుగు అంచుల వెంబడి వేలు పోనిచ్చి, ఎక్కడైనా వడ్లగింజంత చీలిక తగిలినా, సిరా మరక కనిపించినా, టేపు అంటించిన జాడ ఉన్నా మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేస్తాడు. అదే మనిషి చిల్లరగా ఇచ్చే దేశీయ ద్రవ్యం, అంటే రియెల్ నోట్లు, నలిగి మాసి అతుకులు పడి ఉన్నా ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ పట్టింపు ఉండదు. కొత్తగా వెళ్లిన యాత్రికులు దీన్ని చాదస్తమనుకుంటారు గానీ, చిరిగిన నోటు వల్ల కలిగే నష్టం చివరికి ఎవరి నెత్తిన పడుతుందన్న లెక్క తెలిసినవాడు చేసే పనే ఇది.

పరాయి దేశపు నోటు ఇంటి నోటుతో సమానంగా చలామణి అయ్యే స్థితిని ఆర్థికవేత్తలు డాలరీకరణ అంటారు. కంబోడియాలో దాని వెనుక ఒక విషాద చరిత్ర ఉంది. 1975 ఏప్రిల్‌లో నాంపెన్‌ను చేజిక్కించుకున్న ఖ్మేర్ రూజ్ పాలకులు డబ్బు అనేదాన్నే రద్దు చేసి, కేంద్ర బ్యాంకు భవనాన్ని పేల్చివేశారు. వారి పాలన ముగిశాక 1980లో రియెల్‌ను మళ్లీ ప్రవేశపెట్టినా, ఒకసారి నోటు చిత్తుకాగితంగా మారడం చూసిన జనానికి దానిపై గురి కుదరలేదు. 1992, 1993 సంవత్సరాల్లో ఎన్నికల నిర్వహణకూ శాంతిస్థాపనకూ వచ్చిన ఐక్యరాజ్యసమితి యంత్రాంగంలో సుమారు 22,000 మంది పనిచేయగా, వారి జీతభత్యాలతో, అద్దెలతో, కొనుగోళ్లతో డాలర్లు బజారులోకి వచ్చి పడి అక్కడే నిలిచిపోయాయి. నేటికీ దుకాణాల ధరల పట్టికలు చాలావరకు డాలర్లలోనే ఉంటాయి. అమెరికా నాణేలు మాత్రం అక్కడ చెల్లవు కనుక, డాలరుకు దాదాపు 4,000 రియెళ్ల లెక్కన, మూడున్నర డాలర్ల సరుకుకు నాలుగు డాలర్లు ఇచ్చినవారికి 2,000 రియెళ్లు చేతికి వస్తాయి.

నోటు మన్నికకు కాగితం నాణ్యత ఎంత అవసరమో, పాడైన నోటును వెనక్కి తీసుకునే సంస్థ అందుబాటులో ఉండడం కూడా అంతే అవసరం. భారతదేశంలో చిరిగిన నోట్ల మార్పిడికి రిజర్వు బ్యాంకు 2009లో చేసి, 2018లో సవరించిన నియమాలున్నాయి. వాటి ప్రకారం 20 రూపాయల వరకు గల నోటులో సగానికి మించిన ముక్క మిగిలి ఉంటే పూర్తి విలువ దక్కుతుంది. 50 రూపాయలు, అంతకు పైబడిన నోటులో 80 శాతానికి మించి మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం మధ్య ఉంటే సగం విలువ ఇస్తారు. కిరాణా కొట్టులో వద్దన్న నోటును బ్యాంకులో మార్చుకోవచ్చన్న భరోసా తెలుగునాట ఎవరికైనా ఉంటుంది, అందుకోసం బ్యాంకు దాకా వెళ్లే ఓపిక ఎందరికి ఉంటుందన్నది వేరే మాట. అమెరికా నియమం కూడా ఉదారమైనదే. సగానికి స్పష్టంగా మించిన భాగం, దానితోపాటు నకిలీ కాదని తేల్చే భద్రతా గుర్తులు తగినన్ని మిగిలిన నోటుకు అక్కడి నోట్ల ముద్రణ విభాగం పూర్తి విలువ చెల్లిస్తుంది. అయితే ఆ విభాగం ఉన్నది వాషింగ్టన్‌లో. నాంపెన్ బ్యాంకు చిరిగిన డాలర్లను పోగుచేసి, కట్టలు కట్టి, బీమా చేయించి, విమానంలో సముద్రం దాటించాలంటే అయ్యే ఖర్చు 100 డాలర్ల నోటుకు భారం కాకపోవచ్చు గానీ ఒక డాలరు నోటుకు ఎలాగూ గిట్టుబాటు కాదు. అందుకే బ్యాంకు వాటిని తీసుకోవడానికి వెనుకాడుతుంది, లేదా రుసుము అడుగుతుంది; బ్యాంకు వెనుకాడుతుందని తెలిసిన దుకాణదారు ముందే వద్దంటాడు. రియెల్ ఎంత చిరిగినా దాన్ని అచ్చువేసిన బ్యాంకు ఊళ్లోనే ఉంది.

చెడ్డ ద్రవ్యం మంచి ద్రవ్యాన్ని చలామణి నుంచి తరిమేస్తుందన్న గ్రెషమ్ సూత్రం ఇక్కడ తలకిందులైనట్టు కనిపిస్తుంది. రెండింటినీ ఒకే విలువకు తీసుకోక తప్పనప్పుడు జనం మంచిదాన్ని దాచుకుని చెడ్డదాన్ని వదిలించుకుంటారన్నది ఆ సూత్రం సారాంశం. కాదనే స్వేచ్ఛ పుచ్చుకునేవాడికి ఉన్నచోట చెడ్డ నోటే మూలన పడుతుంది. ఆ స్వేచ్ఛ ఎప్పుడు ఉంటుందో జింబాబ్వేతో పోల్చి చూస్తే తెలుస్తుంది. 2009 జనవరిలో కోటి కోట్ల డాలర్ల సొంత నోటు, అంటే ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలున్న నోటు అచ్చువేసిన ఆ దేశం, కొద్ది నెలల్లోనే సొంత ద్రవ్యాన్ని పక్కనపెట్టి అమెరికా డాలరుకు మారింది. అక్కడ ఒక డాలరు నోట్లకు ఎంత కరువంటే, చేతులు మారి మారి నల్లబడ్డ నోట్లను జనం సబ్బుతో ఉతికి దండెం మీద ఆరేసుకునేవారు. దుకాణాల్లో చిల్లరకు బదులు మిఠాయిలో, కలాలో ఇచ్చేవారు. వ్యాన్ కండక్టర్లు ఇద్దరు ప్రయాణికులకు కలిపి ఒకే నోటు ఇచ్చి పంచుకోమనేవారు. ఆర్టీసీ బస్సు ఎక్కినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. సెంట్లకు బదులుగా చెల్లే నాణేలను 2014 డిసెంబరులో అక్కడి రిజర్వు బ్యాంకు విడుదల చేసేదాకా ఈ అవస్థ తప్పలేదు. కంబోడియా వ్యాపారి చేతిలో రియెల్ ఉంది కనుక చిరిగిన డాలరును తోసిపుచ్చగలడు, జింబాబ్వే వ్యాపారికి చాలాకాలం ఆ వెసులుబాటు లేకపోయింది. తరువాతి కాలంలో అక్కడా పెద్ద దుకాణాలు చిరిగిన నోట్లను నిరాకరించసాగాయి. రాజధాని హరారే వీధుల్లో వాటిని జిగురుతో అతికేవారూ, తక్కువ ధరకు కొనేవారూ తయారయ్యారు.

కంబోడియా జాతీయ బ్యాంకు 2020లో ఈ సమస్యను రియెల్‌కు అనుకూలంగా మలచుకోవాలని చూసింది. 1, 2, 5 డాలర్ల నోట్లను బ్యాంకుల నుంచి సేకరించి దేశం బయటికి పంపుతామనీ, గడువు దాటితే ఆ రవాణా ఖర్చును బ్యాంకులే భరించాలనీ ప్రకటించింది. దాంతో చక్కని చిన్న నోట్లను కూడా కొందరు వ్యాపారులు వద్దనడం మొదలుపెట్టగా, ఆ నోట్లు రద్దు కాలేదని బ్యాంకు వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులోనే అది బకాంగ్ అనే చెల్లింపుల వ్యవస్థను ప్రారంభించింది. రియెల్, డాలర్ రెండింటిలోనూ ఫోను ద్వారా చెల్లించే వీలు కల్పించిన ఈ వ్యవస్థ వల్ల స్థానికులు నోటు అంచులు తడిమి చూసుకునే అవసరం తగ్గింది.

ఆ అవసరం ఇప్పుడు ఎక్కువగా పడుతున్నది నగదుతో దిగే విదేశీయులకే. నాంపెన్ మార్కెట్ల దగ్గర గాజు పెట్టెల్లో రియెల్ కట్టలు పేర్చుకుని కూర్చునే మారకందారులు చీలిక పొడవును బట్టి వట్టం కోసుకుని చిరిగిన డాలరును తీసుకుంటారు. విమానాశ్రయంలో వీసా రుసుము కట్టే చోట ఆ సౌకర్యం ఉండదు. కాబట్టి అంగ్‌కోర్ చూడబోయే యాత్రికులు హైదరాబాదులోనో విజయవాడలోనో డాలర్లు కొనేటప్పుడే ఒక్కొక్క నోటూ విప్పి చూసి, మరక ఉన్నదాన్ని అక్కడికక్కడే మార్పించుకోవడం మంచిది.