మీకు తెలుసా? బరువు లెక్కలో ఇన్ని గుట్లు!

ఇరవై కిలోలు తగ్గాల్సిందేనని పంతం పట్టారా? కాస్త ఆగండి! 80 కిలోల మనిషి ఐదున్నర కిలోలు తగ్గినా చాలు, ఒంట్లో పెద్ద మార్పే! అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్లకు డాక్టర్లు పెట్టిన లక్ష్యం అంతే. ఉన్న బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి రెండున్నర గంటలు నడవాలి. 2002లో ఫలితం బయటపెట్టారు. షుగర్ వచ్చే ముప్పు ఏకంగా 58 శాతం తగ్గింది! మాత్ర వేసుకున్నవాళ్ల కంటే వీళ్లే నయం!

మరి మనసు అంతటితో ఊరుకుంటుందా? ఊరుకోదు! అదే అమెరికాలో, బరువు తగ్గించే చికిత్సకు వచ్చిన 60 మంది మహిళలను ముందే ఓ ప్రశ్న అడిగారు. ఎంత బరువు దగ్గర ఆగిపోతే మీకు నిరాశ? తలా ఓ అంకె చెప్పారు. 48 వారాలు గడిచేసరికి సగటున 16 కిలోలు తగ్గారు! నిండు వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండే గ్యాస్ కన్నా ఎక్కువ బరువది! అయినా ఏం లాభం? దాదాపు సగం మంది తాము చెప్పిన ఆ ‘నిరాశ’ అంకెను కూడా అందుకోలేకపోయారు! 1997 నాటి ముచ్చట ఇది. ఇప్పుడు అడిగినా జవాబు పెద్దగా మారదనే నా అనుమానం.

మొదటి వారమే చకచకా తగ్గారా? అప్పుడే మురిసిపోకండి! అందులో చాలా భాగం నీళ్లే! ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే, దాంతోపాటే నీళ్లూ పోతాయి. ఆ జోరు చూసి ఆరు నెలల లక్ష్యం రాసుకున్నారో, అంతే సంగతులు!

సరే, కరిగిన కొవ్వు ఎటు పోతుంది? చెమటలోకా? కాదు! చాలావరకు ముక్కులోంచే పోతుంది! 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్క కట్టారు. 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితో బయటికి వెళ్లిపోతుంది! మిగిలిందంతా నీరు. అలాగని కూర్చుని గబగబా ఊపిరి వదిలితే కరగదండోయ్!

ఇప్పుడు అసలు గుట్టు. ఒక కిలో తగ్గారనుకోండి. ఆకలి ఊరుకోదు! రోజుకు సుమారు 100 కేలరీలు ఎక్కువ అడుగుతుంది! అటు చూస్తే, తేలికైన ఒళ్లు ఖర్చు చేసేది మునుపటి కంటే తక్కువ. రెండు వైపులా దెబ్బే! 80 కిలోలప్పుడు వేసుకున్న తిండి లెక్క 70 దగ్గర పనిచేయకపోవడం మీ బద్ధకం వల్లే అనుకుంటున్నారా? కాదు! లెక్క మళ్లీ వేసుకోండి!

అంకెలు మార్చుకునేది మనమేనా? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా మార్చింది! పోషకాల లెక్కల కోసం అది ప్రమాణంగా తీసుకునే భారతీయ పురుషుడు మొన్నటిదాకా 60 కిలోలు ఉండేవాడు. 2020లో 65 అయ్యాడు! ఒక్క కలం పోటుతో ఐదు కిలోలు!

బరువు మిషన్‌లో అంకె కదలడం లేదా? దర్జీ టేపు తీయండి! కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య చుట్టండి. మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి పీల్చడం లేదు కదా? మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే ముప్పే! ఆడవాళ్లకు ఆ గీత ఇంకా ముందే, 80 దగ్గరే!

చెన్నై ముచ్చట వింటే ఇంకా ఆశ్చర్యపోతారు! షుగర్ అంచున ఉన్నవాళ్లకు అక్కడా తిండి, నడక మార్పించారు. బరువు పెద్దగా తగ్గలేదు. కానీ షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది! 2006లో వచ్చిన ఫలితమిది. కిలోల లక్ష్యం పక్కన నడక లక్ష్యం ఒకటి రాసుకుంటే పోయేదేముంది?

పెద్ద లక్ష్యమే కావాలా? అయితే బ్రిటన్ సంగతి చూడండి! షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు కొందరు ఏడాదిలో 15 కిలోలు, అంతకుమించి తగ్గారు. వాళ్లలో 86 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది! ఇదంతా వైద్య సిబ్బంది కనిపెట్టుకుని ఉండగానే జరిగింది సుమా! మీరూ షుగర్, బీపీ మాత్రలు వేసుకుంటూ బరువు తగ్గుతున్నారా? మోతాదు మార్చాల్సి రావచ్చు. సొంతంగా మానేయకండి! ఇవాళే మీ డాక్టరుకు ఓ మాట చెప్పండి!