మూడు నగరములు, ఒకే చికిత్స

బిడ్డ ముఖము పాలిపోవును. ఆటల గంటకు మైదానమునకు పోక బడిగోడవారగా కూర్చుండును. జ్వరము వచ్చి, తగ్గి, మరల వచ్చును. కాళ్ళ యెముకలు నొప్పి యనును. దెబ్బ తగులకయే చర్మముపై నీలి మచ్చలు పడును. వీనినెల్ల రక్తహీనతకో నులిపురుగులకో ముడిపెట్టి నెలలు గడపుట మన యూళ్ళలో వాడుక. అన్నిమారులును ఆ యూహ తప్పు కాదు. కాని కొందరి విషయమున నీ లక్షణముల వెనుక రక్తపు క్యాన్సరు పొంచియుండును.

ఎముకల లోపలి మూలుగ రక్తకణములకు పుట్టినిల్లు. ఎర్రకణములు, తెల్లకణములు, రక్తమును గడ్డకట్టించు ఫలకికలు అచ్చటనే జనించును. తెల్లకణములలో నొక జాతి పక్వము కాకముందే హద్దుమీరి పెరుగనారంభించినచో తక్కిన కణములకు చోటు కరవగును. ఎర్రకణములు తగ్గుటచే పాలిపోవుట, ఫలకికలు తగ్గుటచే నీలి మచ్చలు, పనికివచ్చు తెల్లకణములు లేకపోవుటచే జ్వరములు కలుగును. పిల్లలలో తరచుగా కనబడు దీని రూపమును తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకీమియా యందురు. చికిత్స లేనిచో నిది నెలలలో ప్రాణము తీయును.

ఈ వ్యాధి చికిత్సా చరిత్ర తొలిపుటలలోనే యొక తెలుగువాని పేరు కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పరిశోధనాధిపతిగా నున్న కాలమున, అచ్చటి రసాయనికులు ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన పదార్థములను తయారుచేసిరి. కణము విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. చూపునకు దానివలె నుండి, దాని పని చేయనిది కణములోనికి పోయినచో విభజన నిలిచిపోవును. అట్టి అమినోప్టెరిన్ అను మందును బోస్టన్ నగర వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గినదని 1948లో ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావు కన్నుమూసెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. 1960 తరువాత, మన పెరళ్ళలో పూచు బిళ్ళగన్నేరునుండి తీసిన విన్‌క్రిస్టిన్ దానికి తోడయ్యెను. ప్రెడ్నిసోలోన్, మెర్కాప్టోప్యూరిన్ మొదలగునవియు చేరెను. ఏ యొక్క మందును చేయలేని పనిని అన్నియు కలసి చేయగలవని క్రమముగా తేలెను.

మందులు తెలిసినంతనే రోగము కుదురునా? 1970 తరువాతి తొలి సంవత్సరములలో మన దేశమున, పేరుపడిన క్యాన్సరు వైద్యశాలలలో సైతము, వ్యాధి తిరుగబెట్టక నాలుగేండ్లు గడిపిన రోగులు నూటికి 20 మంది కూడ లేరు. ఆ మందులతోనే పాశ్చాత్య దేశములలోని మేలైన వైద్యశాలలు సుమారు సగముమంది పిల్లలను గట్టెక్కించుచుండెను. ఈ యంతరమునకు కారణ మేమి? ఒక్క వైద్యశాల తన రోగులను మాత్రమే చూచుకొనినచో దీనికి సమాధానము దొరకదు. ఏటేట వచ్చు కొలదిమందిలో ఒక యేడు నలుగురు ఎక్కువ బ్రతుకుట మందు మహిమయో, ఆ యేటి రోగుల యదృష్టమో చెప్పుట ఎవరి తరము?

1984లో ఈ చిక్కునకు మార్గము కనబడెను. మద్రాసు అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఒకే చికిత్సా ప్రణాళికను స్వీకరించెను. అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థకు చెందిన ఇయాన్ మగ్రాత్ దీనికి సహకరించెను. అడయారున డాక్టర్ వి. శాంత, బొంబాయిలో డాక్టర్ సురేశ్ అద్వానీ ఈ కార్యమునకు పూనుకొనిరి. శాంత 1955లో ఆ వైద్యశాలలో చేరి 2021లో మరణించు వరకు దానినే తన యిల్లుగా చేసికొన్న వైద్యురాలు. అద్వానీ బాల్యమున పోలియో సోకి, చక్రముల కుర్చీలో కూర్చుండియే వైద్యము నేర్చినవాడు.

ఆ ప్రణాళిక పేరు ఎమ్.సి.పి.-841. బడిలోని కాలపట్టికవలె ఏ దినమున ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని మారులు అన్నది అందు నిర్ణయింపబడియుండెను. మొదట కనబడు క్యాన్సరు కణములను తుడిచివేయుట. పిదప దాగియున్నవానిని వెంటాడుట. మందులు సరిగా చేరని మెదడు ప్రాంతమును కాపాడుటకు వెన్నెముక ద్రవములోనికి మెథోట్రెక్సేట్ ఎక్కించుట. తరువాత చిరకాలము తక్కువ మోతాదులతో కాపు కాయుట. అంతయు ముగియుటకు సుమారు రెండేండ్లు పట్టును.

ఫలితము? నూటికి 20కి లోపుగా నున్న సంఖ్య 45 నుండి 60 వరకు పెరిగెను. కొత్త మందేదియు కనిపెట్టక, ఉన్న మందులనే కట్టుబాటుతో వాడి, తోడి సంరక్షణను మెరుగుపరచి సాధించిన పెంపు ఇది. మన వైద్య చరిత్రలో దీనికి రావలసినంత పేరు రాలేదు.

ఐనను 45కును 60కిని నడుమనున్న దూరమును పాఠకులు గమనింపవలెను. చికిత్స ఒకటే, ఫలితములు వేరు. మూడు బడులలో మూడు ప్రశ్నపత్రములిచ్చి మార్కులు పోల్చుటలో అర్థము లేదు. పత్రమొకటే యైనపుడు గదా తేడాకు కారణము వెదకగలము! 1990 నుండి 1997 వరకు చికిత్స పొందిన, 25 ఏండ్లలోపు 1048 మంది వివరములను మూడు వైద్యశాలలును కలిపి పరిశీలించి 2005లో ప్రకటించెను. మన రోగులు పాశ్చాత్య రోగులకంటె వ్యాధి బాగుగా ముదిరిన పిదప వైద్యశాలకు చేరుచున్నారని తేలెను. 'టి' జాతి కణములనుండి పుట్టు రకము మనలో హెచ్చు. చెన్నైలో మరియు హెచ్చు. పాశ్చాత్యుల గ్రంథములలో రోగి వయస్సునుబట్టి ఫలితమును ముందుగా ఊహింపవచ్చును. ఇచ్చటి మూడు చోట్లను ఆ సూత్రము పనిచేయలేదు. ఇతర దేశముల కొలబద్దను తెచ్చి మన బిడ్డలను కొలువరాదని దీనివలన స్పష్టమయ్యెను.

మరియొక సంగతి మనస్సును కలచునది. చనిపోయినవారందరును క్యాన్సరుచే చనిపోలేదు. మందులు చెడ్డకణములతోపాటు మంచి తెల్లకణములను గూడ తగ్గించును. ఆ దినములలో చిన్న సూక్ష్మజీవియు పెద్ద శత్రువగును. ఇంట పరిశుభ్రమైన నీరు లేక, జ్వరము వచ్చిన రాత్రి దగ్గరలో వైద్యుడు లేక, చికిత్స తాకిడికే ప్రాణములు విడిచినవారు మన దేశమున పాశ్చాత్య దేశములలోకంటె హెచ్చు. వీరుగాక, కూలి పోగొట్టుకొని దూరనగరమున నెలలు గడపలేక చికిత్స నడుమనే ఇల్లు చేరు కుటుంబములు కలవు. బిడ్డకు కొంచెము నెమ్మదించగనే "తగ్గినది గదా" యని తల్లిదండ్రులు మరలిపోవుటయు కలదు. నెమ్మదించుట వేరు, నయమగుట వేరు అను మాట వారికి నచ్చజెప్పువాడు మందిచ్చు వైద్యునికి తక్కువవాడు కాడు.

2012లో జాతీయ క్యాన్సర్ గ్రిడ్ ఏర్పడి దేశమందలి వైద్యశాలలను కలుపుట మొదలిడెను. 1955 నాటి హైదరాబాదు ఎమ్.ఎన్.జె. క్యాన్సరు వైద్యశాల, విశాఖపట్నములోని హోమీ భాభా క్యాన్సరు వైద్యశాల ఇందు చేరియున్నవి. బాల్య లుకీమియాకై కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ, చండీగఢ్, చెన్నై వైద్యులు ఇసికిల్ అను పేర నొక సంఘముగా నేర్పడిరి. వీరు ముందుగా సరిదిద్దుకొన్నది మందులను గాదు, పరీక్షలను. ఒక నగరమున చేసిన పరీక్ష మరియొక నగరమున చేసినను అదే ఫలితము నీయవలెను గదా! తొలిదశ చికిత్స ముగిసిన పిదప మూలుగలో పదివేల కణములకు ఒక్క క్యాన్సరు కణము మిగిలియున్నను పట్టగల పరీక్షను ఒకే రీతిని చేయుట నేర్చిరి.

ఆ పిమ్మటనే 1 నుండి 18 ఏండ్ల రోగులతో కొత్త పరిశోధన నారంభించిరి. అందలి యొక ప్రశ్న ప్రెడ్నిసోలోన్‌ను గూర్చినది. ఈ మందు క్యాన్సరు కణములను చంపును. అంటురోగములకు తలుపును తెరచును. ప్రమాదము తక్కువగా నున్న రోగులకు తొలిదశలో దీనిని వాడుకలో నున్నన్ని దినములు ఈయవలెనా, కొన్ని దినములు తగ్గించినను చాలునా? రెండు విధములుగను ఇచ్చి చూచుటకు, ఎవరికి ఏ విధమో చీట్లు వేసినట్లు నిర్ణయించి, ఆ నగరముల వైద్యులు తమ లెక్కలను ఒక్కచోట వ్రాయసాగిరి.