కాకి వాలెను, తాటిపండు రాలెను

మన పెద్దలు కాకతాళీయమను మాట నొకదానిని మనకిచ్చిపోయిరి. కాకి యొకటి వచ్చి తాటిచెట్టుపై వాలినది. సరిగా నా క్షణముననే పండు రాలినది. క్రింద నిలిచినవాడు కాకివలననే పండు రాలినదనుకొనెను. నిజమరసినచో పండు ముగ్గినది గనుక రాలినది, కాకి యలసినది గనుక వాలినది. రెండును నొక్క గడియలో జరుగుటకంటె వానికి వేఱు సంబంధము లేదు. ఈ మాట వినని గృహిణి మనలో నరుదు. కాని యింట నాపద కలిగిననాడు మాత్రము మనము దీనిని మఱచి కాకిని వెదకుచున్నాము. ఆ కాకి తఱచుగా నింటికి క్రొత్తగా వచ్చిన కోడలగుచుండుట మిక్కిలి విచారకరము.

మొన్న నొక సాయంకాలము మేము దిల్‌సుఖ్‌నగరులో మెట్రోరైలెక్కి ఎల్.బి. నగరునకు పోవుచుంటిమి. నడుమ చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అను రెండు స్టేషనులు మాత్రమే కలవు. మా ప్రక్కన నిద్దరు పెద్ద యిల్లాండ్రు కూర్చుండి కష్టసుఖములు చెప్పుకొనుచుండిరి. “ఏం జేస్తం వదినా! ఆ పిల్ల కాలువెట్టిన యాడాదికే మా పిలగాడు మంచాన వడ్డడు” అని యొకామె యనెను. “కొందరి పాదం అట్లనే ఉంటది వదినా” అని రెండవయామె తలయూపెను. వారి యెదుట నొక యువతి సంచి నొడిలో నుంచుకొని తలవంచి కూర్చుండెను. ఎల్.బి. నగరులో దిగునప్పుడుగాని యామెయే ఆ కోడలని మాకు తెలియలేదు. మందుల చీటీలును ఎక్స్‌రే కాగితములును గల యా సంచిని భుజమున వైచుకొని, అత్తగారి చేయిపట్టి మెల్లగా మెట్లు దింపుచున్నది. ఆ దృశ్యము మా కన్నులనుండి యింకను తొలగలేదు. అందుచేతనే యీ నాలుగు మాటలు సోదరీమణులకు మనవి చేయ సాహసించుచున్నాము.

ఆ మాటలు మేము విన్న త్రోవయే యాదృచ్ఛికమనగా నేమో మిగుల నెఱిగిన త్రోవ. 2007 ఆగష్టు 25వ తేది సాయంకాలము హైదరాబాదులో లుంబినీ పార్కునందును, కోఠీయందలి గోకుల్ చాట్ దుకాణమునొద్దను బాంబులు ప్రేలి నలువదిమందికి పైగా మరణించిరి. ఆ సాయంకాలమే దిల్‌సుఖ్‌నగరులో జనులు రోడ్డు దాటు వంతెన క్రింద మఱియొక బాంబు పెట్టబడియుండెను. అది ప్రేలలేదు. పోలీసులు దానిని కనుగొని నిర్వీర్యము చేసిరి. కూరగాయలకో, పుస్తకములకో, బస్సుకో ఆ వంతెన ప్రక్కగా నడచిపోయినవారెందరో! వారందఱు నెప్పటివలె నిండ్లకు పోయి, అన్నముతిని నిద్రించిరి. వారిలో నెందరు వర్జ్యము చూచి బయలుదేరిరి? ఎవరి కోడలి పాదము వారిని కాపాడినది?

అయిదున్నర సంవత్సరములు గడచెను. 2013 ఫిబ్రవరి 21వ తేది, గురువారము, సాయంకాలము ఏడుగంటల ప్రాంతమున నా దిల్‌సుఖ్‌నగరులోనే, సైకిళ్లకు తగిలించిన రెండు బాంబులు కొద్ది నిమిషముల తేడాతో ప్రేలెను. ఒకటి 107వ నంబరు బస్సులాగుచోట, రెండవది దానికి సమీపమున మిరపకాయబజ్జీల దుకాణమునొద్ద. పదునేడుగురికి తక్కువగాకుండ ప్రాణములు కోల్పోయిరి; నూఱుమందికి పైగా గాయపడిరి. అది కొలువునుండియు చదువునుండియు జనులు మరలివచ్చు వేళ. అట్టివేళ బస్సు రెండు నిమిషములు ముందు వచ్చుటయో, చిల్లరకొఱకు దుకాణమున నాగుటయో, స్నేహితురాలు పిలువగా వెనుదిరుగుటయో చాలును, ఒకరు బ్రతుకుటకు, ఒకరు చనిపోవుటకు. ఆ నిమిషమున నది ప్రాణాపాయమని యెవరికిని తెలియదు.

అట్టి రాత్రి గడచిన యిండ్లలో నేమగునో మనమూహింపగలము. “పాలు తెమ్మని నేను పంపకున్నచో!” అని తల్లి తన్ను తాను తిట్టుకొనును. “నేడు సెలవు పెట్టుమని నేను చెప్పవలసినది” అని భార్య కుములును. ఇది ప్రేమవలన పుట్టిన దుఃఖము. దీనిని నిందింపరాదు, ఓదార్చవలెను. కాని మూడవ మాట యొకటి చుట్టములనుండి వచ్చును: “ఆమె పంపకున్నచో వాడు పోయెడివాడా?” ఇది దుఃఖము గాదు, తీర్పు. దోషులెవరో తేల్చుటకు న్యాయస్థానములున్నవి. దిల్‌సుఖ్‌నగరు కేసులో 2016 డిసెంబరున ప్రత్యేక న్యాయస్థానము అయిదుగురిని దోషులుగా నిర్ణయించి మరణశిక్ష విధించెను. 2025 ఏప్రిలులో తెలంగాణ హైకోర్టు దానిని ధ్రువపరచెను. బాంబు పెట్టినవారిది నేరమనిరిగాని, పాలకు పంపిన తల్లిది నేరమని యే న్యాయాధిపతియు ననలేదు. మన వంటయింటి న్యాయస్థానము మాత్రమే యట్టి తీర్పు చెప్పగలదు.

మనస్సున కీ వంకర యెట్లు కలిగినది? ఇది మన దేశమునకే పరిమితము కాదు. 1982లో డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ యను నిద్దరు మనశ్శాస్త్రజ్ఞు లొక పరీక్ష ప్రకటించిరి. ఒక గృహస్థుడు కచేరీనుండి యింటికి వచ్చుచు కారు ప్రమాదమున మరణించెనని కొందఱికి కథ చెప్పిరి. ఆయనను ఢీకొట్టిన లారీని మత్తుమందు సేవించిన కుఱ్ఱవాడు నడుపుచుండెను. కొందఱికి చెప్పిన కథలో నాయన ఆనాడు క్రొత్త త్రోవను వచ్చెను. కొందఱికి చెప్పిన కథలో, ఇంటిపనికై భార్య కోరగా వేళకు ముందే బయలుదేరెను. “ఏమి జరుగకున్నచో ఆయన బ్రతికెడివాడు?” అని యడుగగా, మొదటివారు త్రోవను, రెండవవారు వేళను తఱచుగా పేర్కొనిరి. మత్తులో లారీ నడిపినవాని తప్పు తలచినవారు కొందఱే. కథ యెవరిని గూర్చి చెప్పబడునో వారి నడతయందే, అందును ఎప్పుడును జరుగనిది జరిగినచోటనే, మన మనస్సు మార్పు కోరునని యా పండితులు తేల్చిరి. మన యిండ్లలో కోడలు వచ్చుటకంటె నెప్పుడును జరుగని క్రొత్త సంగతి మఱేమున్నది? కావుననే కన్ను తిన్నగా నామెపై బడుచున్నది. ఆ సంవత్సరముననే యింటిప్రక్క మురుగుకాలువ తెఱచిరి, గృహయజమాని పొగత్రాగుట హెచ్చినది, బావినీరు చెడినది. అవి కథలో లేవు!

ఎల్.బి. నగరునకు పోవు దారిలో మేము దాటిన విక్టోరియా మెమోరియల్ స్టేషను పేరు వెనుక నొక కథ కలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను సరూర్‌నగరున నొక రాజభవనము కట్టించుకొని, అపశకునము తోచుటచే నందు నివసింప మానెనని జనశ్రుతి. 1901లో మరణించిన విక్టోరియారాణి స్మారకముగా నా భవనము అనాథబాలల శరణాలయమైనది. రాజునకు తోచిన యపశకునము తల్లిదండ్రులు లేని బిడ్డలకు నీడయయ్యెను! ఇందొక భేదమును గమనింపుడు. శకునము చెడినదని తోచిన రాజునకు మఱియొక మేడ యుండెను. ఆయన మేడను మార్చుకొనెను. శకునము చెడ్డదని ముద్రపడిన కోడలికి మఱియొక యిల్లెక్కడ? ఆమె యా ముద్రతోనే యా గుమ్మమున దినమున కిరువదిమార్లు తిరుగవలెను. భర్త మంచము పట్టుట యొక దెబ్బ, అందఱును తననే వేలెత్తి చూపుట రెండవ దెబ్బ. గోరుచుట్టుపై రోకటిపోటన్న సామెత యిట్టివారికొఱకే పుట్టినది కాబోలు.

“అంతయు యాదృచ్ఛికమే యైనచో మనము చేయదగిన దేమియు లేదా?” అని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదిని మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. సుమారు 15,000 మంది చనిపోయిరని చెప్పుదురు. ఆనాడు అఫ్జల్‌గంజ్ చెంత నొక చింతచెట్టు నెక్కినవారు నూటయేబదిమంది బ్రతికిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నున్నది. చెట్టు చేతికందుట దైవఘటన. కాని నగరమువారు చెట్టునే నమ్ముకొని కూర్చుండలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని రప్పించి ఉపాయమడిగిరి. 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును సిద్ధమైనవి. వాన మన చేతిలో లేదు, కట్ట మన చేతిలో నున్నది. కాకిని తిట్టువాడు కట్ట కట్టడు.

చిన్న నిర్ణయముల విలువయు నిట్టిదే. ఎల్.బి. నగరు నాలుగురోడ్లయొద్ద ఉదయమున నిలిచి చూడుడు. విజయవాడ త్రోవనుండియు, నాగార్జునసాగరు త్రోవనుండియు వచ్చు బస్సులనుండి పెట్టెలతో, దిండ్లతో బాలికలు దిగుచుందురు. దిల్‌సుఖ్‌నగరులోని వసతిగృహములలో నుండి, ఉద్యోగపరీక్షలకు శిక్షణ పొందుట వారి యుద్దేశము. ఒక్కొక్క బాలిక వెనుకను నొక చిన్న నిర్ణయము కలదు: పెండ్లి నొక యేడాది యాపుదమని తల్లి యొకనాటి రాత్రి భర్తతో ననుట, గాజులకై దాచిన పైకమును రుసుమునకిచ్చుట. పరీక్షలో నే ప్రశ్న వచ్చునో, ఆనాడు జ్వరము వచ్చునో రాదో యెవరి చేతిలోను లేదు. దరఖాస్తు నింపుట మన చేతిలో నున్నది. ఆ బాలిక తప్పినచో తల్లి నిర్ణయము చెడ్డదగునా? కాదు. నిర్ణయమును, అది చేసిననాటి తెలివితో తూచవలెనుగాని ఫలము తెలిసిన పిమ్మటి తెలివితో తూచరాదు. బిడ్డను చదువుకు పంపిన తల్లికిని, పాలకు పంపిన తల్లికిని నీ యొక్క త్రాసే న్యాయము.

కావున మేము చెప్పదలచినది స్వల్పము. ఇంట నాపద కలిగినప్పుడు మొదటి పదిదినములు “అట్లు చేయకున్నచో” అను మాటను గడప దాటనీయకుడు. రోగి యున్నచో వైద్యుడు చెప్పిన కారణము నింటిల్లిపాదికిని తెలియునట్లు చెప్పుడు. కారణము తెలిసినచోట శకునమునకు తావుండదు. పోయినవా రున్నచో బ్యాంకు, బీమా, కొలువు కాగితములను కోడలి చేతికిచ్చి యామెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపుడు. పసుపుకుంకుమల వేళ నామెను లోపలి గదికి పంపు నాచారమును మన యిండ్లనుండి మనమే తొలగింపవలెను. పురుషులు తొలగింతురని యెదురుచూడ బనిలేదు. అన్నిటికంటె ముఖ్యము, “పాదము” అను మాట బంధువుల నోట వచ్చినప్పుడు తలయూపకుడు. వాదింపనక్కరలేదు. “అది వ్యాధివలన వచ్చినది వదినా, ఆమెవలన గాదు” అని యొక్క వాక్యము చాలును. ఆనాడు రైలులో మేమా వాక్యము ననలేక యూరకుంటిమి. ఆ లోపము మాదే, అందుచేతనే యిప్పుడు వ్రాయుచున్నాము.

మెట్లు దిగువఱకు నా యువతి అత్తగారి చేయి విడువలేదు. రోడ్డుపై వాహనములు క్రిక్కిరిసి యుండగా, తాను వాని వైపున నడచుచు, ఆమెను లోపలి వైపున నడపించుకొని పోయినది. ఎవరి పాదము మంచిదో నిర్ణయించుటకు మాకంతకంటె సాక్ష్యము కనబడలేదు.