129 అంకెల తాళం
గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం. డిజిటల్ రహస్యాలకు కాపలా కాస్తున్నది ఈ ఇబ్బందే

బహుమతి వంద డాలర్లు. చేయాల్సిందల్లా 129 అంకెలున్న ఓ సంఖ్య ఏ రెండు ప్రధాన సంఖ్యలను గుణిస్తే వచ్చిందో కనిపెట్టి, దాంతో ఒక రహస్య సందేశాన్ని విప్పి చదవడం. 1977 ఆగస్టులో సైంటిఫిక్ అమెరికన్ మాసపత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన గణిత శీర్షిక ద్వారా పాఠకుల ముందుంచిన సవాలు ఇది. ఆ తాళాన్ని తయారు చేసింది అమెరికాలోని ఎంఐటీకి చెందిన రొనాల్డ్ రివెస్ట్, ఆది షమీర్, లియొనార్డ్ ఆడల్‌మన్. వారి పేర్లలోని తొలి అక్షరాలతోనే ఆ పద్ధతికి ఆర్ఎస్ఏ అని, ఈ సంఖ్యకు ఆర్ఎస్ఏ-129 అని పేరొచ్చింది. దీన్ని ఛేదించాలంటే 4 పక్కన 16 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలు పడుతుందని రివెస్ట్ లెక్కగట్టారు.

పట్టింది 17 ఏళ్లే.

61ని 79తో గుణించమంటే బడిపిల్లలెవరైనా 4819 అని చెప్పేస్తారు. 4819 ఇచ్చి దాని కారణాంకాలు అడిగితే మాత్రం 3, 7, 11, 13 అంటూ వరసగా భాగించి చూడాల్సిందే. చురుకైనవాళ్లయితే అది 70 వర్గంలోంచి 9 వర్గం తీసేస్తే వచ్చేదని పసిగడతారు. 70కి 9 కలిపితే 79, తీసేస్తే 61. పని అయిపోయినట్లే! 129 అంకెల సంఖ్యను కూలదోసింది కూడా మూలంలో ఈ చిట్కాయే. కాకపోతే అంత పెద్ద సంఖ్యకు వర్గాలు ఇంత సూటిగా చిక్కవు. వాటి తేడా ఆ సంఖ్యకు గుణిజమైతే చాలుననుకున్నా, 80 లక్షలకు పైగా చిన్న చిన్న సమీకరణాలు పోగేయాల్సి వచ్చింది. ఆర్యన్ లెన్‌స్ట్రా తదితరులు ఇంటర్నెట్ ద్వారా దాదాపు 600 మంది ఔత్సాహికులను కూడగట్టారు. సుమారు 1600 యంత్రాలు నెలల తరబడి శ్రమించాయి. వాటిలో రెండు ఫ్యాక్స్ మిషన్లు కూడా ఉన్నాయి!

1994 ఏప్రిల్‌లో సంఖ్య రెండు ముక్కలైంది. ఒకటి 64 అంకెలది, రెండోది 65 అంకెలది. బయటపడిన సందేశం 'ద మ్యాజిక్ వర్డ్స్ ఆర్ స్క్వీమిష్ ఆసిఫ్రేజ్'. ఆసిఫ్రేజ్ అంటే హిమాలయాల్లోనూ కనిపించే, ఎముకలు తినే రాబందు. దానికి 'ఇట్టే వికారపడే' అనే విశేషణం తగిలించారు. అర్థం కోసం వెతకడం దండగ, ఎవరి ఊహకూ అందకూడదని ఏరిన మాటలవి.

తాళం విరిగినా పద్ధతి పోలేదు. సంఖ్యలు పెరిగాయి. డిజిటల్ సంతకాల్లో, వెబ్‌సైట్ల ధ్రువీకరణలో 617 అంకెల సంఖ్యలు మామూలైపోయాయి. ఈ సవాళ్ల వరసలో 2020లో ఛేదించిన సంఖ్యకున్నవి 250 అంకెలే. అయితే విడగొట్టడానికి సులువైన దారి లేదని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. అసలు భయం అదే. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక సంఖ్య ప్రధానమా కాదా అన్నది వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతి కనుగొన్నప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. కానీ ఆ పద్ధతి 'ప్రధాన సంఖ్య కాదు' అని మాత్రమే చెబుతుంది, కారణాంకాలేమిటో చెప్పదు.

చెప్పగల పద్ధతిని ఆర్ఎస్ఏ-129 ఓడిన 1994లోనే పీటర్ షోర్ కాగితం మీద చూపారు. అయితే దానికి భారీ క్వాంటమ్ కంప్యూటర్ కావాలి. అది వచ్చాక విప్పుకోవచ్చని ఈలోగా రహస్య సమాచారాన్ని కాపీ చేసి దాచుకునేవారు ఉండవచ్చన్నది నిపుణుల ఆందోళన. అందుకే కారణాంకాలతో నిమిత్తం లేని కొత్త తాళాలకు అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ఆమోదముద్ర వేసింది.