జపాన్ కళాకారిణులు: చుక్కలు, దీపాలు, దారాలు

మొన్న మా మేనకోడలు ఒక క్యాలెండరు తెచ్చి వంటింటి గోడకి తగిలించింది. అందులో ఒక బొమ్మ చూసి చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. సముద్రంలోకి పొడుచుకువచ్చిన చిన్న గట్టు, ఆ గట్టు చివర మనిషికంటే ఎత్తైన పసుపుపచ్చని గుమ్మడికాయ, దాన్నిండా వరసలు వరసలుగా నల్లచుక్కలు!

"గుమ్మడికాయకి చుక్కలు పెడితే కళ అయిపోతుందా అత్తయ్యా? ఈపాటి పని మన బుజ్జిగాడు చెయ్యడూ?" అంది మా పిల్ల. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. రవివర్మ లక్ష్మినీ సరస్వతినీ చూసి పెరిగిన కళ్లాయె మనవి. తీరా ఆ గుమ్మడికాయ సంగతేమిటో చదివి తెలుసుకున్నాక, ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డాను. ఆ సంగతులే ఇవాళ మీతో చెప్పుకుందామని.

ఆ గుమ్మడికాయ జపాన్‌లో నావోషిమా అనే చిన్న ద్వీపంలో ఉంది. 1994లో పెట్టారు. 2021 ఆగస్టులో వచ్చిన తుఫానుకి సముద్రంలోకి కొట్టుకుపోతే, మళ్లీ చేయించి 2022లో అదే చోట నిలబెట్టారు. చేసినామె పేరు యాయోయి కుసామా.

కుసామా 1929లో మత్సుమోతో అనే ఊళ్లో పుట్టింది. వాళ్లది విత్తనాలూ నారుమొక్కలూ అమ్మే కలిగిన కుటుంబం. ఇంటినిండా పువ్వులే, అయినా ఆ ఇంట్లో సుఖం లేదు. తండ్రికి బయట సంబంధాలు. ఆయన ఎక్కడికి వెళుతున్నాడో చూసి రమ్మని తల్లి ఈ చిన్నపిల్లనే పంపేదట. పిల్ల తెచ్చిన కబురు విని, ఆ కోపమంతా మళ్లీ పిల్లమీదే చూపించేదట. ఇది కుసామా తన ఆత్మకథలో తానే రాసుకుంది.

అప్పటినుంచే ఆ పిల్లకి లేనివి కనిపించడం మొదలైంది. ఒకరోజు బల్లమీది గుడ్డకున్న ఎర్రపువ్వుల అచ్చు చూసి తల పైకెత్తితే, అదే పువ్వులు పైకప్పునిండా, కిటికీలనిండా, చివరికి తన ఒంటినిండా! తోటలోని పువ్వులు మనుషుల్లా మాట్లాడేవి. ఎవరికి చెప్పుకుంటుంది? పరుగున వెళ్లి కాగితం తీసి, కనిపించినదాన్ని కనిపించినట్టు బొమ్మ గీసేది. గీస్తే భయం కాస్త అణిగేది. తల్లికి మాత్రం ఆ బొమ్మలంటే గిట్టదు. లాక్కుని చింపేసేది. మంచి ఇంట్లో ఇచ్చి పెళ్లి చెయ్యాలని ఆవిడ తాపత్రయం. యుద్ధం వచ్చాక పదమూడేళ్ల పిల్ల పారాచూట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనికి వెళ్లింది. ఈ కుట్టుపని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1957లో అమెరికా వెళ్లింది. చేతిలో ఉన్న డబ్బు బట్టల్లో పెట్టి కుట్టుకుని, అమ్ముకోవడానికి కిమోనోలూ తన బొమ్మలూ మూటగట్టుకుని బయల్దేరింది. న్యూయార్క్‌లో ఆమె పడ్డ పాట్లు వింటే కడుపు తరుక్కుపోతుంది. చేపల కొట్టువాడు పారేసిన తలకాయలూ, కూరల కొట్టువాడు తీసిపారేసిన క్యాబేజీ పైఆకులూ ఏరుకొచ్చి చారు కాచుకునేది. ఆ చలిలోనే, నిద్ర మాని, గోడంత కాన్వాసు మీద చిటికెన వేలి గోరంత సున్నాలు వేలకు వేలు చుట్టుకుంటూ పోయేది. దూరంనుంచి చూస్తే ఏమీ వేయని తెల్లగుడ్డలా ఉంటుంది, దగ్గరికెళితే అంతులేని వల. వేసి వేసి ఆ వల కాన్వాసు దాటి బల్లమీదికీ గోడమీదికీ తన చేతులమీదికీ పాకినట్టు కనిపించేదట.

1962 ప్రాంతంలో మళ్లీ సూదీదారం పట్టింది. గుడ్డతో వేళ్లలాంటి తొడుగులు కుట్టి, దూది కుక్కి, వందలకొద్దీ సోఫాలకీ కుర్చీలకీ అంటించింది. ఆ ఆకారాలు ఎందుకంటే, మగవారి పట్ల తనకున్న భయమే మూలమని ఆమె దాపరికం లేకుండా చెప్పుకుంది. చిన్నప్పుడు చూడకూడనివి చూసొచ్చిన పిల్ల కదా! దేనికి భయపడుతుందో దాన్నే తన చేతులతో వందసార్లు, వెయ్యిసార్లు చేస్తే అది చివరికి ఉత్త దూదిబొమ్మ అయి ఊరుకుంటుందన్నమాట. ఆమె చేసిన పనులన్నిటికీ తాళంచెవి ఇక్కడ ఉందని నాకు తోస్తుంది.

1966లో వెనిస్ నగరంలో జరిగే అంతర్జాతీయ ప్రదర్శనకి పిలుపు లేకుండానే వెళ్లి, పచ్చికమీద 1500 అద్దపు బంతులు పరిచి, ఒక్కొక్కటి రెండు డాలర్లకి అమ్మసాగింది. కళాఖండాన్ని ఐస్‌క్రీంలా అమ్ముతావా అని ఆ అమ్మకం ఆపించారు. అదే వెనిస్‌కి 1993లో జపాన్ ప్రభుత్వం తరఫున ఒక మండపమంతా ఆమెకే ఇచ్చి పంపారు.

మధ్యలో జరిగింది చెప్పాలి. 1973లో ఆరోగ్యం చెడి స్వదేశం వచ్చేసింది. 1977లో టోక్యోలోని ఒక మానసిక వైద్యశాలలో తనంతట తానే చేరి, దాన్నే ఇల్లు చేసుకుంది. ఎవరూ బలవంతాన చేర్చలేదు సుమా! ఆసుపత్రికి దగ్గరలోనే పనిశాల. పొద్దున్నే వెళ్లి బొమ్మలు వెయ్యడం, తిరిగి ఆసుపత్రికి రావడం. దశాబ్దాల తరబడి అదే దినచర్య. నలుగురూ మెచ్చుకునే పని చాలామటుకు ఆ రోజుల్లోనే చేసింది. మనిళ్లలో ఏ ఆడపిల్లకైనా మనసు బాగాలేదంటే ముందు తలుపులు మూస్తాం, సంబంధాలు తప్పిపోతాయని గుసగుసలాడతాం. బొమ్మలు వేస్తే జబ్బు కుదురుతుందని నేను అనడం లేదు. ఆమెకీ కుదరలేదు. మందులూ డాక్టరూ అవసరమేనని ఒప్పుకుని, ఆ పక్కనే తన పనినీ బతికించుకుంది.

చుక్కలనగానే మీకు ముగ్గు గుర్తొచ్చే ఉంటుంది. కాని రెండిటికీ తేడా ఉంది. మన ముగ్గులో చుక్క గీతకి దారి చూపిస్తుంది. కుసామా చుక్క వస్తువుని చెరిపేస్తుంది. గోడకీ కుర్చీకీ మనిషికీ ఒకే చుక్కలు పెట్టుకుంటూ పోతే ఏది గోడో ఏది మనిషో తెలియకుండా పోతుంది. అనంతమైన విశ్వంలో భూమీ ఒక చుక్కే, నేనూ ఒక చుక్కనే అంటుందామె. 2002లో ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరంలో పిల్లలకోసం ఒక గది చేసింది. సోఫా, బల్ల, గిన్నెలు, గోడలు అన్నీ తెల్లసున్నం వేసినట్టు తెలుపు. వచ్చిన ప్రతి పిల్లకీ రంగురంగుల గుండ్రటి కాగితాలు, అచ్చం మన స్టిక్కరు బొట్లలాంటివి, ఇచ్చి ఎక్కడ కావాలంటే అక్కడ అంటించమన్నారు. కొద్దిరోజులకి ఆ తెల్లగది రంగుల్లో మాయమైపోయింది. పిల్లలు సోఫాకి స్టిక్కర్లు అంటిస్తే మనం వీపు పగలగొడతాం, అది వేరే సంగతి!

కుసామా ఒక్కతే ఇలా అనుకునేరు. ఆమెకంటే మూడేళ్లు చిన్నది అత్సుకో తనాకా, ఒసాకా నగరపు మనిషి. 1953లో జబ్బుచేసి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఇంటికి వెళ్లే రోజుకోసం తేదీలు లెక్కబెట్టుకుంటూ కాగితం మీద అంకెలు రాసుకునేది. ఆ అంకెలే ఆమె తొలి చిత్రాలయ్యాయి. తర్వాత గుతాయ్ అనే బృందంలో చేరింది. 1954లో ఏర్పడిన ఆ బృందానికి పెద్ద జిరో యోషిహారా. ఒకరు చేసింది ఇంకొకరు చెయ్యకండి అన్నది ఆయన పెట్టిన నియమం. యుద్ధంలో అందరూ ఒకే మాట వల్లించి దేశం బూడిదైపోయాక వచ్చిన మాట అది. అందుకే దానికంత బరువు.

తనాకా 1955లో గదిచుట్టూ రెండేసి మీటర్లకి ఒక్కోటి చొప్పున ఇరవై విద్యుత్ గంటలు పెట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లు మీట నొక్కితే గంటలు ఒకదాని తర్వాత ఒకటి మోగుతూ శబ్దం దూరంగా వెళ్లి, చుట్టి వెనక్కి వస్తుంది. మరుసటి ఏడు ఇంకా సాహసం చేసింది. ఒసాకా స్టేషన్లో బెంచీమీద కూచుని ఉండగా, మందుల ప్రకటన ఒకటి రంగురంగుల దీపాలతో వెలిగిపోతూ కనిపించింది. నా దుస్తులు ఇలా చేస్తే? అనుకుంది. రంగులేసిన బల్బులూ గొట్టపు దీపాలూ దాదాపు 200 వైర్లతో అల్లి, తల మొదలు పాదాల దాకా కప్పే దుస్తు తయారుచేసి, తానే వేసుకుంది. మోయలేని బరువు, పైగా వేడి, షాకు కొడుతుందేమోనన్న బెదురు. స్విచ్చి వేసే క్షణాన, మరణశిక్ష పడ్డ ఖైదీకి ఇలాగే ఉంటుందా అన్న తలపు మెరిసిందని తర్వాత చెప్పింది. లోపల మనిషి ఊపిరి బిగబట్టుకుని ఉంటే, చూసేవాళ్లకి కనిపించేది తళతళలే. పట్టుచీరా నగల బరువుతో పెళ్లిపీటల మీద కూచున్న ఏ ఆడపిల్లకైనా ఇది వేరే విప్పి చెప్పక్కర్లేదు. 2005లో చనిపోయేవరకూ ఆమె కాన్వాసుమీద వేసినవి వలయాలూ గీతలూ, అంటే ఆ బల్బులూ ఆ వైర్లే.

ఇక ఈ కాలపు మనిషి చిహారు షియోతా. 1972లో ఒసాకా జిల్లాలోనే పుట్టింది, ఉండేది జర్మనీలోని బెర్లిన్‌లో. ఈమె సరంజామా ఊలుదారం. మనం స్వెట్టరు అల్లితే ఈమె ఏకంగా గదిని అల్లుతుంది. చిన్నప్పుడు పక్కింటికి నిప్పంటుకుంది. తెల్లవారి చూస్తే బూడిద మధ్య కాలిపోయిన పియానో ఒకటి. అది ఇక మోగదు, కాని మోగేటప్పటికంటే అందంగా ఉందనిపించిందట ఆ పిల్లకి. పెద్దయ్యాక ఒక కాలిన పియానోనీ, వినేవాళ్లు లేని కుర్చీలనీ నల్లదారంతో సాలెగూడులా చుట్టేసింది. 2015లో వెనిస్‌లో రెండు పాత పడవలు పెట్టి, వాటిపైన ఎర్రదారాలకి 50,000 తాళంచెవులు వేలాడదీసింది. అన్నీ జనం పంపినవే, ఎవరెవరి ఇళ్లవో. మనకైతే తాళంచెవులంటే కొంగున కట్టుకునే ఇల్లు. పారేయడానికి చెయ్యిరాని పాత తాళంచెవి ఏ డబ్బాలోనో మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

టోక్యోలో మోరి మ్యూజియంవారు ఆమె పనులన్నిటినీ కలిపి పెద్ద ప్రదర్శన పెడదామని అడిగారు. ఆ మర్నాడే డాక్టర్లు చెప్పారు, పన్నెండేళ్ల క్రితం తగ్గిన క్యాన్సరు మళ్లీ వచ్చిందని. చికిత్స చేయించుకుంటూనే పని చేసింది. నేను పోతే నా ప్రాణం ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న రాత్రింబగళ్లు వేధించిందట. 2019లో ఆ ప్రదర్శన తెరిచారు, 6 లక్షల 60 వేలమందికి పైగా చూశారు. పడవల ఇనుపచట్రాలనుంచి పైకప్పుదాకా ఎర్రదారం, నెత్తురు నరాల్లా. ప్రదర్శన అయిపోగానే ఆ దారాలన్నీ కత్తిరించి తీసేస్తారు. మళ్లీ ఇంకో ఊళ్లో కొత్త దారంతో మొదటినుంచి అల్లుకోవలసిందే.

ఆ ప్రదర్శనకోసమే ఆమె ఇంకొక పని కూడా చేసింది. తన కూతురి ఈడు పిల్లల్ని కొంతమందిని కూచోబెట్టి, ఆత్మ అంటే ఏమిటని అడిగి, వాళ్లు చెప్పిన జవాబుల్ని ఫిల్ము తీసి ఒక పక్కన నడిపించింది. తన మాట ఏదీ పైన చేర్చలేదు.