మామయ్య ట్రంకుపెట్టె

వీలునామా మాట ఎత్తితే చాలు, "తథాస్తు దేవతలుంటారు, ఊరుకోండి" అంటుంది మా ఆవిడ. నేనూ చాలాకాలం ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత ఖరీదైన పనో మా మేనమామ పోయిన ఏడు తెలిసివచ్చింది.

మామయ్యది పర్చూరు దగ్గర పల్లె. ప్రతిదీ కాగితం మీద పెట్టే మనిషి. గుంటూరు యార్డుకు వేసిన మిరప బస్తాల లెక్క, పత్తి తీసిన కూలీల లెక్క, అన్నీ పుస్తకంలో ఉండేవి. వీలునామా కూడా రాశాడు. అయితే రాసింది 1988లో, పోయింది 2011లో.

పెద్దకర్మ అయ్యాక ట్రంకుపెట్టె తెరిచి కాగితం చదివాం. పెద్దవాడికి రాసిన నాలుగెకరాల నల్లరేగడిని కూతురి పెళ్లికి ఎప్పుడో అమ్మేశాడు. చిన్నవాడికి రాసిన పొలం మాత్రం పదిలంగా ఉంది. తరువాత కొన్న ఇంటిస్థలం ఊసే లేదు. "నాన్న నాకేమీ ఇవ్వలేదన్నమాట!" అని పెద్దవాడు లేచి వెళ్లిపోయాడు. నిజానికి ఇచ్చాడు, ఇచ్చింది మిగల్లేదు, అంతే. ఆ అన్నదమ్ములు ఈనాటికీ ఒకరి గడప ఒకరు తొక్కరు.

గుంటూరు సీమకు ఇలాంటి వ్యాజ్యాలు కొత్త కాదు. అమరావతి పట్టణాన్ని కట్టించిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారికి సంతానం లేదు. ఒక పిల్లవాణ్ని దత్తత చేసుకుని, అతడుండగానే మరొకణ్ని కూడా చేసుకున్నారు. ఆయన పోయాక మొదలైన వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్లింది. మొదటి దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. అప్పటికి రాజావారు పోయి ఇంచుమించు 30 ఏళ్లు! ఈలోగా అంతటి జమీ చితికిపోయింది. ఇంట్లో మార్పు వచ్చినప్పుడు అది చట్టానికి నిలుస్తుందో లేదో ముందే చూసుకోకపోతే రాజులకైనా ఇంతే.

వీలునామా రాయడం బ్రహ్మవిద్య కాదు. స్టాంపు కాగితం అక్కరలేదు. 18 ఏళ్లు నిండి, బుద్ధి స్థిరంగా ఉన్నవారెవరైనా రాయవచ్చు. సంతకానికి ఇద్దరు సాక్షులుండాలి. వాటా పొందేవారు సాక్షులు కాకపోవడం మేలు. రిజిస్ట్రీ తప్పనిసరి కాదు గాని, చేయిస్తే మేలు. బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆఖరున రాసిందే చెల్లుతుంది.

రెండు సంగతులు మరువకండి. పిత్రార్జితంలో మన వాటా వరకే రాయగలం. అందులో కూతుళ్లకూ కొడుకులతో సమాన హక్కు ఉన్నదని 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది కనుక, పాతకాలపు కాగితాలు మళ్లీ చూసుకోక తప్పదు. ఇక వీలునామాకెక్కని స్వార్జితాన్ని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి ఉంటే ఆమె, అందరూ సమానంగా పంచుకోవాలి. మామయ్య ఇంటిస్థలం సంగతి అంతే అయింది.

పొలం అమ్మినా, కొన్నా, ఇంట్లో పెళ్లయినా, పురుడొచ్చినా, ఎవరైనా పోయినా ఆ కాగితం ఒకసారి బయటికి తీయాలి. ఉగాదినాడు పంచాంగంలో ఆదాయవ్యయాలు వింటాం కదా, ఆ సాయంత్రమే మంచి ముహూర్తం.

కిందటి ఉగాదికి నాది తిరగరాశాను. మా ఆవిడ మొదట ముఖం ముడిచింది. చదివాక, "అమ్మాయి పేరూ రాశారుగా, సరే" అంది. తథాస్తు దేవతలు విన్నారో లేదో తెలియదు. నేను మాత్రం నిక్షేపంగా ఉన్నాను!