మైకు వినునా, పలుకునా?

కల్వకుర్తి ప్రాంతమున పెండ్లియైనను, జాతరయైనను పందిరిగుంజకు గొట్టము కట్టి పాట వేసినంతనే "మైకు మోగుతున్నది" అందురు. వక్త నోటిముందు నిలిపినదియు మైకే, చెట్టుకొమ్మకు కట్టినదియు మైకే. చదువరులు కొందరు దీనిని దిద్దబోవుదురు. వినునది మైకు, పలుకునది లౌడుస్పీకరు. రెంటికి ఒకే పేరు తగదని వారి వాదము. నిఘంటువులు వారి పక్షమే. కాని ఆ రెండు పరికరములను విప్పి చూచినచో జనుల మాటయే నిజమునకు దగ్గరగా నుండును.

లౌడుస్పీకరు లోపల ఒక అయస్కాంతము, దాని సందున సన్నని తీగచుట్ట, చుట్టకు అంటించిన పలుచని పొర యుండును. తీగలో విద్యుత్తు పారినపుడు చుట్ట ముందు వెనుకలకు కదలును; పొర గాలిని కదల్చును; అదియే మనకు పాట. ఇక ఆ పొర యెదుట నిలిచి ఎవరైన మాటలాడిరేని? మాట పొరను కదల్చును, పొర చుట్టను కదల్చును, అయస్కాంతము నడుమ కదలిన చుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ధర్మమిదియే. పలుకుటకై చేసిన యంత్రము వినుచున్నది! గాయకులు చేతబట్టు డైనమిక్ మైకులో నున్నవియు ఈ మూడు వస్తువులే.

1877లో బెల్ టెలిఫోనులు వాడుకకు వచ్చినపుడు ఒకే పరికరమును నోటికిని చెవికిని మార్చి మార్చి పెట్టుకొనెడివారు. 1966లో లండనున బీటిల్స్ బృందము 'పేపర్‌బ్యాక్ రైటర్' పాటను రికార్డు చేయునపుడు బేస్ గిటారు నాదమును పట్టుటకు లౌడుస్పీకరునే మైకుగా నిలిపిరి. దాని పొర పెద్దది, బరువైనది. మంద్రధ్వనులను చక్కగా పట్టును, సన్నని ధ్వనులను జారవిడుచును.

అన్ని మైకులకు ఈ విద్య లేదు. పాత టెలిఫోనులలోని బొగ్గురవ్వల మైకు తనలో పారు విద్యుత్తును హెచ్చుతగ్గులు చేయగలదే కాని పలుకజాలదు. ఇక మైకుసెట్టులో అసలు అడ్డు నడుమనున్న ఆంప్లిఫయరు. అది ఒకవైపునకే నడచును. కనుకనే ఎన్నికల సభలో గొట్టము జనులకు చెప్పునే కాని వారి మాట వినదు. 1989లో ఎన్.టి. రామారావు హిందూపురముతోపాటు కల్వకుర్తినుండియు పోటీచేసి ఇచ్చట ఓడిపోయెను. ఊరి మాట ఓటుపెట్టెనుండి వెలువడెను.

పరీక్షింపగోరువారు పాడైన రేడియోనుండి విడదీసిన స్పీకరు తీగలను మైకుసెట్టులో మైకు పెట్టుచోట కలిపి, పొరకు దగ్గరగా నోరుంచి పలుకవచ్చును. ధ్వని కొంత మందముగా, కడవలో నోరుపెట్టి పిలిచినట్లు వచ్చును. మాట మాత్రము తెలియును.